కాఫీ, టీల అలవాటు – పాదం పాదంగా విడిపించుకునే మార్గం

తెల్లవారగానే కాఫీ గొంతు దిగనిదే కాలు కదలని కుటుంబాలు మన మధ్య కోకొల్లలు. పది గంటలకు ఆఫీసులో టీ, భోజనం కాగానే మరొక టీ, సాయంకాలం ఇంటికి రాగానే మళ్ళీ కాఫీ, బంధువులెవరైనా వస్తే మర్యాదకు ఇంకొకటి. రోజుకు ఎన్ని త్రాగుతారని అడిగితే నా వద్దకు వచ్చే రోగులలో చాలామంది ‘రెండేనండీ’ అంటారు. ప్రక్కన కూర్చున్న ఇల్లాలు నవ్వుతుంది. వ్రేళ్ళు మడిచి లెక్క వేయిస్తే నాలుగో, అయిదో తేలుతాయి.

కాఫీ, టీలు విషాలని పాఠకులను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఉదయం ఒక కప్పు కాఫీ నేనూ త్రాగుతాను. ఆరోగ్యవంతులైన పెద్దలకు మితంగా త్రాగిన కాఫీ హాని చేయదనే నేటి పరిశోధనలు చెబుతున్నాయి. అయితే మితమంటే ఎంత? ఎవరికి ఆ మితం కూడా ఎక్కువ? తగ్గించుకోదలచినవారు తలనొప్పి పాలు కాకుండా ఎలా తగ్గించుకోవాలి? వాటికి బదులుగా ఇంట్లో ఏమి కాచుకోవచ్చు? ఈ నాలుగు విషయాలను వివరిస్తాను.

శాస్త్రంలో కాఫీ ఉన్నదా?

చరక, సుశ్రుత సంహితలలో కాఫీ లేదు, టీ లేదు. కాఫీ గింజలను 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ సాధువు అరేబియా నుండి తెచ్చి, నేటి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలలో నాటాడని ప్రతీతి. అస్సాంలో తేయాకు సాగు 1830 దశకంలో ఆరంభమయింది. కనుక ఈ పానీయాల గుణదోషాలను మా గురువులు రుచిని బట్టి, శరీరంలో కనిపించే ఫలితాన్ని బట్టి ఊహించారు. ఇవి తిక్త కషాయ రసాలు కలవి, రూక్షమైనవి, అతిగా త్రాగితే వాతాన్ని, పిత్తాన్ని పెంచుతాయి అని గురుకులంలో మాకు చెప్పారు. ఇది వైద్యుల అనుభవమే గాని ఋషివాక్యం కాదు. కాఫీ గురించి చరకుడు ఇలా అన్నాడని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు.

అయితే కాఫీ పేరు లేకున్నా, కాఫీ త్రాగేవారికి తప్పక పనికివచ్చే అధ్యాయం ఒకటి చరక సంహితలో ఉన్నది. అది సూత్రస్థానంలో 7వది. శరీరానికి సహజంగా కలిగే 13 వేగాలను ఆపరాదని అందులో చెప్పబడింది. ఆకలి, దప్పిక, తుమ్ము, ఆవులింతలతోపాటు నిద్ర కూడా వాటిలో ఒకటి. వచ్చే నిద్రను బలవంతంగా ఆపితే ఆవులింతలు, ఒళ్ళు నొప్పులు, మగత, శిరోరోగాలు, కన్నుల బరువు కలుగుతాయని ఆ అధ్యాయం వివరిస్తుంది. ఆ లక్షణాలు కనిపించినపుడు మనమిప్పుడు చేస్తున్నదేమిటి? ఇంకొక కప్పు కాఫీ కలుపుకుంటున్నాము.

కెఫీన్ చేసే పని

కాఫీలో, టీలో ఉత్సాహాన్ని కలిగించే పదార్థం కెఫీన్. 1819లో రుంగే అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు కాఫీ గింజల నుండి దానిని వేరుచేశాడు.

మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా ప్రోగవుతూ ఉంటుంది. అది తనకోసం ఏర్పడిన స్థానాలలో చేరినకొద్దీ మనకు బడలిక, నిద్ర ముంచుకువస్తాయి. కెఫీన్ ఆకృతి అడినోసిన్ ఆకృతిని పోలి ఉంటుంది. పంక్తిలో అతిథికని వేసిన పీట మీద వేరొకరు వచ్చి కూర్చున్నట్లు, అడినోసిన్ చేరవలసిన స్థానాలను కెఫీన్ ఆక్రమిస్తుంది. అతిథి వెళ్ళిపోలేదు, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అలాగే బడలిక పోలేదు, అది మనకు తెలియకుండా పోయింది. కెఫీన్ లేచిపోగానే అంతసేపూ వేచి ఉన్న బడలిక ఒక్కసారిగా మీద పడుతుంది.

త్రాగిన కెఫీన్‌లో సగం శరీరం నుండి తొలగిపోవడానికి సాధారణంగా 5 గంటలు పడుతుంది. సాయంకాలం 5 గంటలకు త్రాగిన కాఫీలో 80 మిల్లీగ్రాములుంటే, రాత్రి 10 గంటలకు 40 మిల్లీగ్రాములు రక్తంలో మిగిలే ఉంటాయి. గర్భిణులలో, ముఖ్యంగా నెలలు నిండేకొద్దీ, ఈ కాలం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. నిద్రకు 6 గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రను గంటకు పైగా తగ్గించిందని 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం తెలిపింది. ‘కాఫీ త్రాగినా నాకు నిద్ర పడుతుందండీ’ అనేవారు ఈ సంగతి గమనించాలి. నిద్ర పట్టడం వేరు, చాలినంత గాఢంగా పట్టడం వేరు.

ఏ పానీయంలో ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల పానీయంలో కెఫీన్ ఈ విధంగా ఉంటుంది:

డికాక్షన్ కాఫీ: 80 నుండి 120 మిల్లీగ్రాములు
ఇన్‌స్టంట్ కాఫీ: 50 నుండి 65 మిల్లీగ్రాములు
టీ: 30 నుండి 65 మిల్లీగ్రాములు

రోజుకు 300 మిల్లీగ్రాములు మించరాదని ఆ సంస్థ సూచన. ఉదయం ఒక డికాక్షన్ కాఫీకి 100, ఆఫీసులో మూడు టీలకు 150, సాయంకాలం ఒక ఇన్‌స్టంట్ కాఫీకి 60 వేసుకోండి. మొత్తం 310. ఎవరూ అతి అనుకోని దినచర్య కూడా హద్దు దాటిపోయింది.

డికాక్షన్ చిక్కదనాన్ని, పాల పాలును బట్టి ఈ అంకెలు మారుతాయి. రోబస్టా రకం గింజలలో కెఫీన్ అరబికా రకంలో కంటే దాదాపు రెట్టింపు. మన అరకు లోయలో పండేది అరబికా. కాఫీ పొడిలో కలిపే చికోరీ ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. అందులో కెఫీన్ ఉండదు.

కొన్ని అపోహలను కూడా తొలగించుకోవాలి. గ్రీన్ టీ తేయాకు నుండి వచ్చినదే, అందులో కెఫీన్ ఉన్నది. నిమ్మ టీ, అల్లం టీ, మసాలా టీ, ఇరానీ చాయ్ ఏవైనా అంతే. మసాలా రుచిని మారుస్తుంది గాని కెఫీన్‌ను తీసివేయదు. కెఫీన్ తీసిన కాఫీలోనూ స్వల్పంగా మిగిలి ఉంటుంది. కొన్ని తలనొప్పి మాత్రలలో కూడా కెఫీన్ కలుపుతారు.

ఇక పిల్లల సంగతి. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. యువకులు ఇష్టపడే శక్తి పానీయాలలో లీటరుకు 145 నుండి 300 మిల్లీగ్రాముల వరకు మన ఆహార నిబంధనలు అనుమతిస్తున్నాయి. అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో సూచించింది. ఆ లెక్కన 20 కిలోల పిల్లవానికి 60 మిల్లీగ్రాములే హద్దు. ఒక్క డబ్బాతో అది దాటిపోతుంది. పైగా వాటిలోని చక్కెర మరొక బాధ. పరీక్షల రోజులలో పిల్లలు మేలుకొని చదువుతారని ఇలాంటివి కొనిపెట్టే తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి: చదివినది మనస్సులో నిలిచేది నిద్రలోనే.

ఎవరు మరింత జాగ్రత్తపడాలి?

గర్భిణులు: ఐరోపా సంస్థ వీరికి రోజుకు 200 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. ఒక చిన్న గ్లాసు పలుచని కాఫీతో సరిపెట్టుకోవడం, లేదా పూర్తిగా మానడం మేలు.

రక్తహీనత ఉన్నవారు: పాండురోగంతో వచ్చే స్త్రీలను నేను మొదట అడిగే ప్రశ్న ‘అన్నం తిన్న వెంటనే టీ త్రాగుతారా?’ అని. టీ, కాఫీలలోని టానిన్ల వంటి కషాయ పదార్థాలు ఆకుకూరలు, పప్పుధాన్యాలలోని ఇనుమును శరీరం గ్రహించకుండా అడ్డుకుంటాయి. ఇది కెఫీన్ చేసే పని కాదు గనుక కెఫీన్ తీసిన టీ త్రాగినా అడ్డు తొలగదు. భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట వీటిని త్రాగరాదని పోషకాహార సంస్థ కూడా చెబుతున్నది. ఇనుము మాత్రలను టీతో మ్రింగడం తోటకూర వండి పారబోయడం వంటిది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు: పరగడుపున మంచినీళ్ళతో మాత్ర వేసుకొని, అరగంట నుండి గంట గడిచాకనే కాఫీ త్రాగాలి. లేనిచో మందు సరిగా ఒంటబట్టదు.

ఆమ్లపిత్తం, గుండె దడ, నిద్రలేమి, ఆందోళన ఉన్నవారు: వీరు పరగడుపు కాఫీని, మధ్యాహ్నం దాటిన తరువాత కాఫీ, టీలను మానితే కలిగే మార్పు రెండు మూడు వారాలలో వారికే తెలుస్తుంది. గుండె దడ తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడాలి.

ఉపవాసం నాటి తలనొప్పి

ఏకాదశినాడో, శనివారమో ఉపవాసముండే గృహిణులు కొందరు నాతో తరచు చెప్పే మాట ఒకటున్నది. ‘ఉపవాసం పడడం లేదండీ, మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతుంది.’ పైత్యమని నిమ్మరసం త్రాగుతారు, తలకు పట్టు వేస్తారు, చివరకు మాత్ర మ్రింగుతారు. ఉపవాసంనాడు కాఫీ త్రాగుతారా అని అడిగితే ‘అయ్యో, స్వామి పూజ కాకుండానా?’ అంటారు. వీరిలో చాలామందికి ఆ తలనొప్పి అన్నం లేకపోవడం వలన వచ్చినది కాదు, కాఫీ లేకపోవడం వలన వచ్చినది.

రోజూ కెఫీన్ అందుతుంటే మెదడు అడినోసిన్ కోసం మరిన్ని స్థానాలను ఏర్పరచుకుంటుంది. ఒకనాడు కెఫీన్ రాకపోతే ఆ స్థానాలన్నీ అడినోసిన్‌తో నిండుతాయి. తలలోని రక్తనాళాలు విప్పారి నొప్పి పుడుతుంది. చివరి కప్పు త్రాగిన 12 నుండి 24 గంటలలో ఈ నొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజులలో తీవ్రమై, రెండు రోజుల నుండి తొమ్మిది రోజుల వరకు ఉండవచ్చు. దానితోపాటు విసుగు, మగత, పనిమీద ఆసక్తి లేకపోవడం కనిపిస్తాయి. కెఫీన్ కలిసిన మాత్ర వేసుకోగానే తగ్గడంతో ‘మాత్ర బాగా పనిచేసింది’ అనుకుంటారు. మానివేయాలని పట్టుదలతో ఒక్కసారిగా ఆపినవారు మూడవనాడు మళ్ళీ గ్లాసు పట్టుకోవడానికి కారణం కూడా ఇదే. వారి మనస్సు బలహీనమైనది కాదు, వారు ఎంచుకున్న పద్ధతి సరికాదు. అయితే ఎన్నడూ లేనంత తీవ్రంగా హఠాత్తుగా వచ్చిన తలనొప్పికి, జ్వరం, వాంతులు, చూపు మందగించడం తోడైన తలనొప్పికి ఈ మాటలు వర్తించవు. అటువంటివారు ఆస్పత్రికి వెళ్ళాలి.

పాదాంశిక క్రమం

నేను పైన చెప్పిన చరక సంహిత 7వ అధ్యాయంలోనే దీనికి మార్గం ఉన్నది. అలవాటైన అపథ్యాన్ని ఒక్కసారిగా విడువరాదు. నాలుగవ వంతు, అంటే ఒక పాదం తగ్గించి, ఆ స్థానంలో హితమైనదానిని చేర్చాలి. అది ఒంటబట్టిన తరువాత మరొక పాదం తగ్గించాలి. దీనినే పాదాంశిక క్రమమంటారు. పాదం కూడా కష్టమైతే పాదంలో పాదం, అంటే పదహారవ వంతు చొప్పున విడువవచ్చునని వాగ్భటాచార్యుడు వెసులుబాటు కల్పించాడు. గురుకులంలో ఈ సూత్రాన్ని నల్లమందు అలవాటుపడిన రోగుల విషయంలో మా గురువుగారు బోధించేవారు. కాఫీకి కూడా ఇది చక్కగా సరిపోతుంది.

రోజుకు నాలుగు కప్పులు త్రాగేవారికి నేను చెప్పే పద్ధతి ఇది.

మొదటి వారం: రోజులో చివరి కప్పును మాత్రమే మార్చండి. అదే వేళకు, అదే గ్లాసులో, క్రింద చెప్పిన పానీయాలలో ఒకటి త్రాగండి. మిగిలిన మూడూ యథాతథం.

రెండవ వారం: భోజనం తరువాతి టీని మార్చండి. రక్తహీనత ఉన్నవారు దీనితోనే మొదలుపెట్టవచ్చు.

మూడవ వారం: ఆఫీసులో పది గంటల కప్పును మార్చండి.

నాలుగవ వారం: మిగిలినది ఉదయపు కప్పు. చాలామందికి ఇక్కడ ఆగితే చాలు. దానిని కూడా విడువదలచినవారు మూడు పాళ్ళ కాఫీ పొడికి ఒక పాలు శుద్ధ చికోరీ కలుపుకోవాలి. వారం తరువాత సగానికి సగం, ఆపై ఒక పాలుకు మూడు పాళ్ళు చొప్పున మార్చుకుంటూ పోతే ఫిల్టరు, గ్లాసు, వాసన అన్నీ ఉంటాయి, కెఫీన్ మాత్రం తగ్గిపోతుంది.

ఏ వారమైనా తలనొప్పి వస్తే వెనుకకు పోవద్దు, ముందుకూ పోవద్దు. అక్కడే మరొక వారం నిలవండి.

కెఫీన్ లేని పానీయాలు

ధనియాల కాఫీ: ధనియాలు 200 గ్రాములు, శొంఠి 50 గ్రాములు, జీలకర్ర 50 గ్రాములు, మిరియాలు 10 గ్రాములు, ఏలకులు 10 గ్రాములు తీసుకోవాలి. ధనియాలు, జీలకర్ర, మిరియాలను విడివిడిగా దోరగా వేయించి, శొంఠిని దంచి, అన్నిటినీ కలిపి పొడి చేసి సీసాలో భద్రపరచాలి. గ్లాసున్నర నీటిలో ఒక చెంచా పొడి వేసి గ్లాసుకు మరిగించి, వడగట్టి, కొద్దిగా బెల్లం కలుపుకోవాలి. పాలు కావలసినవారు పొయ్యి మీద నుండి దించిన తరువాత పోసుకోవాలి, లేకున్న బెల్లానికి పాలు విరగవచ్చు. ఇది జఠరదీప్తిని కలిగిస్తుంది, కడుపు ఉబ్బరాన్ని తగ్గిస్తుంది. కడుపులో మంట ఉన్నవారు మిరియాలు మాని, శొంఠి సగం వేసుకోవాలి.

యవల కాఫీ: బార్లీ గింజలను దళసరి మూకుడులో సన్నని సెగపై కాఫీ గింజల రంగు వచ్చేవరకు వేయించి, బరకగా పొడి చేయాలి. గ్లాసు నీటికి రెండు చెంచాలు వేసి అయిదు నిమిషాలు మరిగించి, వడగట్టి, పాలు కలుపుకోవాలి. చేదు, కమ్మదనం కలిసి కాఫీకి దగ్గరగా ఉండే రుచి దీనిది. చక్కెర లేకుండా త్రాగితే మధుమేహులకూ, స్థూలకాయులకూ తగినది. గోధుమలోని గ్లూటెన్ పడనివారు మాత్రం బార్లీ కూడా వాడరాదు.

తులసి–అల్లం కషాయం: పది తులసి ఆకులు, అర అంగుళం అల్లం ముక్క నలగగొట్టి, గ్లాసు నీటిలో అయిదు నిమిషాలు మరిగించాలి. తేనె కావాలనుకుంటే గోరువెచ్చగా అయిన తరువాతనే కలపాలి. వానకాలం సాయంకాలాలకు ఇది బాగుంటుంది.

సుగంధిపాల పానకం: రాయలసీమలో నన్నారి అని పిలిచే వేరు ఇదే, సంస్కృతంలో శారిబ. పది గ్రాముల వేరును నలగగొట్టి, రెండు గ్లాసుల మరిగిన నీటిలో వేసి మూత పెట్టి రాత్రంతా ఉంచి, ఉదయం వడగట్టి పటికబెల్లం కలపాలి. వేసవిలో ఒంటి మంటకు, దాహానికి హితకరం. బజారులో దొరికే సిరప్‌లలో చక్కెర పాలే ఎక్కువని మరువరాదు.

మజ్జిగ: వెన్న తీసిన పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, సైంధవ లవణం, నలిపిన కరివేపాకు. మధ్యాహ్న భోజనం తరువాత టీ త్రాగే అలవాటున్నవారికి దీనికి సాటి వచ్చేది లేదు. ఇంటికి వచ్చిన అతిథికి ఎండవేళ మజ్జిగ ఇవ్వడం మన పెద్దల మర్యాదే గదా!

రాత్రి పాలు: గోరువెచ్చని పాలలో చిటికెడు శొంఠి, లేదా అతి స్వల్పంగా జాజికాయ పొడి. జాజికాయ చిటికెలో సగానికి మించరాదు. అధికమైతే అది హాని చేస్తుంది.

పిల్లలకు కాఫీ, టీల బదులు రాగి జావ, పాలు చాలును.

మూలికలే గదా అని ఇష్టం వచ్చినంత త్రాగడమూ తగదు. బజారు మూలికా టీలలో తరచుగా కలిపే అతిమధురం అధిక రక్తపోటు ఉన్నవారికి మంచిది కాదు. పెట్టె మీద అచ్చు వేసిన దినుసుల పట్టికను చదివి కొనాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు శొంఠి, అల్లాలను వంటలో వాడేపాటికి మించి వాడదలిస్తే వైద్యుని సలహా తీసుకోవాలి. మధుమేహులకు బెల్లమైనా, తేనె అయినా చక్కెరతో సమానమే.

చివరి మాట

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడూ శరీరమనే ఇంటిని నిలిపే ఉపస్తంభాలని మన శాస్త్రం. ధనియాల కాఫీ కాఫీకి బదులు కాగలదు గాని నిద్రకు బదులు కాలేదు. నా అనుభవంలో ఇంటిల్లిపాదిలో ఎక్కువ కప్పులు త్రాగేది చాలా ఇళ్ళలో ఇల్లాలే. అందరికంటే ముందు లేచి, అందరికంటే వెనుక పడుకునేది ఆమె. అయిదు గంటల నిద్రతో రోజంతా నెట్టుకురావడానికి ఆమెకు ఆ కాఫీ ఊతకర్ర. కర్రను లాగివేసి ‘అలవాటు మానుకో’ అంటే ఆమె ఎలా నడుస్తుంది?

కనుక ఇంట్లో కాఫీ తగ్గించాలని నిశ్చయించుకున్న కుటుంబాలు మొదటి వారంలోనే మరొక పని కూడా చేయాలి. రాత్రి గిన్నెలు ఎవరు కడుగుతారు, ఉదయం పాల పొట్లం ఎవరు తెస్తారు, పిల్లల డబ్బాలు ఎవరు సర్దుతారు అన్నది ఇంటిల్లిపాదీ పంచుకోవాలి. ఆ విధంగా ఆమెకు ఒక గంట నిద్ర మిగిల్చితే, పైన చెప్పిన క్రమంలో సగం పని పూర్తి అయినట్లే.